ఆ ఎర్ర చుక్కని ఎందుకు వదల్లేరు? థింక్‌ప్యాడ్ టి14 జెన్ 5 రివ్యూ

అందరికీ నమస్కారమండి. ముందుగా ఒక మాట. లెనోవో కంపెనీ లాప్‌టాప్ ఈ థింక్‌ప్యాడ్ టి14 జెన్ 5, నేను కొన్నది కాదు. లాప్‌టాప్‌లు అమ్మే ఒక షాపు వాళ్లు కొన్నాళ్లు వాడి చూడమని ఇచ్చారు. వాళ్ల దగ్గర నేను డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్లకి చూపించలేదు. ప్రాసెసర్ స్కోర్లు, పోర్టుల వివరాలు మీరు ఇప్పటికే వేరే ఛానళ్లలో చూసే ఉంటారు. వాటి జోలికి నేను వెళ్లట్లేదు.

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఇదే డబ్బుకి తళతళలాడే లాప్‌టాప్‌లు దొరుకుతుంటే, ఈ నల్ల డబ్బా కోసం కొంతమంది ఎందుకంత పట్టుబడతారు? నా దగ్గరున్న జవాబు ఇదిగో, ఇక్కడుంది. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. జీ, హెచ్, బీ మీటల మధ్యలో ఉన్న ఈ ఎర్ర చుక్క. పేరు ట్రాక్‌పాయింట్, మౌస్ చేసే పని ఇది చేస్తుంది.

ఇది అటూ ఇటూ తిరగదు. వేలితో ఎటు నెడితే ఆ ఒత్తిడిని కింద సెన్సర్లు పట్టుకుంటాయి. మెల్లగా నెడితే తెరమీద బాణం మెల్లగా కదులుతుంది, గట్టిగా నెడితే పరుగెడుతుంది. కీబోర్డు మీంచి చెయ్యి మౌస్ దాకా వెళ్లడానికి ముప్పావు సెకను, తిరిగి రావడానికి ఇంచుమించు అంతే పడుతుందని టెడ్ సెల్కర్ అనే పరిశోధకుడు చదివారట. ఆ సమయం ఎందుకు పోవాలని మొదలుపెట్టి, ఐబీఎం కంపెనీలో జోసెఫ్ రట్లెడ్జ్‌తో కలిసి దీన్ని తయారుచేశారు. 1992లో ఐబీఎం లాప్‌టాప్ థింక్‌ప్యాడ్ 700సీతో జనం చేతికొచ్చింది. ఆ నల్ల పెట్టె రూపం డిజైనర్ రిచర్డ్ సాపర్‌ది. అప్పట్లో ఐబీఎంలో ఎరుపంటే ఎమర్జెన్సీ స్విచ్‌లకే. అందుకని కాగితాల మీద ఈ చుక్క రంగుని మెజెంటా, అంటే ముదురు గులాబీ, అని రాసి, ఎరుపునే నిలబెట్టుకున్నారు.

నేను తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తాను, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో టైప్ చేస్తాను. చదువుతూ పోతుంటే 'ప్రభుత్వం'లో వ ఒత్తు ఎగిరిపోయి కనిపిస్తుంది. సరిగ్గా ఆ అక్షరం పక్కన బాణం పెట్టాలి. టచ్‌ప్యాడ్ అయితే చెయ్యి కిందికి దించాలి, బాణం పక్క అక్షరం మీదికి జారుతుంది, మళ్లీ వెనక్కి తేవాలి. ఇక్కడ చూడండి, నా వేళ్లు మీటల మీదే ఉన్నాయి. చూపుడువేలు చుక్క మీద, బొటనవేలు స్పేస్‌బార్ కింద ఉన్న మూడు బటన్లలో ఎడమదాని మీద. పెట్టాను, దిద్దాను, ముందుకెళ్లాను.

అసలు నాకు ప్రాణమైంది మధ్య బటన్. దాన్ని నొక్కి పట్టుకుని చుక్కని కిందికి నెడితే పేజీ జారుతుంది. ఎంత పొడుగు ఫైలైనా వేలు ఎత్తకుండా చివరిదాకా వెళ్లొచ్చు. తప్పు కనబడగానే వేలు సడలిస్తే పేజీ అక్కడే ఆగుతుంది. రోజంతా రాసే వాళ్లకి మణికట్టు మీద పడే భారం ఎంత తగ్గుతుందో వాడితేనే తెలుస్తుంది. మొదటి వారం విసుగొస్తుంది, ఆ మాటా చెప్పాలి. ఆ వారం దాటితే అలవాటు పడ్డ ప్రాణం, ఇంక వదలదు.

నా పాత లాప్‌టాప్ థింక్‌ప్యాడ్ టి420. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. కంపెనీలు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు అక్కడికి వస్తుంటాయి. థింక్‌ప్యాడ్ అభిమానులు ఎక్కువగా తయారయ్యేది అలాగే అని నా అనుకోలు. ఆఫీసులో ఇస్తారు, ఇష్టమున్నా లేకపోయినా వాడతారు, చెయ్యి అలవాటు పడుతుంది. ఉద్యోగం మారాక అలాంటిదే సొంతంగా వెతుక్కుంటారు. ప్రకటన చూసి పుట్టిన ఇష్టం కాదిది.

అయితే ఆ అలవాటుని కంపెనీ కాపాడాలి కదా. 2005లో ఐబీఎం నుంచి ఈ వ్యాపారం లెనోవో చేతికి వెళ్లినప్పుడే అభిమానులకి టెన్షన్ మొదలైంది. 2012లో ఏడు వరసల కీబోర్డు పోయి ఆరు వరసలది వచ్చింది. 2013లో టి440తో ఇంకో అడుగు వేశారు. ట్రాక్‌పాయింట్ బటన్లు తీసేసి, టచ్‌ప్యాడ్ పై అంచునే నొక్కుకోమన్నారు. ఏళ్ల తరబడి వేరే బ్రాండ్ ముట్టని వాళ్లు మండిపడ్డారు. 2015లో టి450, ఎక్స్250లతో ఆ మూడు బటన్లు తిరిగొచ్చాయి. థింక్‌ప్యాడ్‌కి పాతికేళ్లు నిండిన సందర్భంగా 2017లో ఏడు వరసల కీబోర్డుతో ఒక ప్రత్యేక మోడల్ కూడా తెచ్చారు. తప్పు చేయని కంపెనీ ఉండదు. కానీ కొన్నవాళ్ల కోపం విని, తీసేసినదాన్ని తెచ్చి మళ్లీ అదే చోట పెట్టిన కంపెనీని జనం మర్చిపోరు. నాకూ దీని మీద గురి కుదిరింది అందుకే.

రెండో సంగతి రిపేరు. టి420 తర్వాత వేరే కంపెనీ లాప్‌టాప్ ఒకటి కొన్నాను, పేరు చెప్పను. బ్యాటరీ ఉబ్బింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు, కీబోర్డుతో సహా పై భాగమంతా మార్చాలన్నారు. కీబోర్డు బంగారంలా పనిచేస్తోంది, దాన్నెందుకు పారేయాలి? ఆ రోజు వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు.

ఇప్పుడు దీని వెనక మూత తీస్తున్నాను. స్క్రూలు మూతకే పట్టుకుని ఉంటాయి, కింద పడి పోవు. బ్యాటరీ ఇదిగో, మనమే మార్చుకోవచ్చు. ర్యామ్ స్లాట్లు రెండు. ఇదే వరసలో దీనికి ముందు మోడళ్లలో కొంత ర్యామ్ బోర్డుకే అతికించి వచ్చేది, 2024 మోడల్ అయిన దీంట్లో రెండూ విప్పుకునేవే. వస్తువుల్ని రిపేరు చేయడం ఎంత తేలికో చూసి స్కోరిచ్చే ఐఫిక్సిట్ వాళ్లతో కలిసి డిజైన్ చేసి, వాళ్ల రిపేర్ స్కోరులో 10కి 9 తెచ్చుకున్నారు. ఏ భాగం ఎలా విప్పాలో బొమ్మలతో చూపించే మాన్యువల్ లెనోవో సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన వీధి చివర మెకానిక్ కూడా అది చూసి పని చేసుకోగలడు. ఇలాంటి వస్తువు కొన్నవాడు పదేళ్లు వాడతాడు, ఇంకో పదిమందికి చెప్తాడు.

డిస్‌ప్లే విషయంలో మాత్రం జాగ్రత్త. తక్కువ ధర ప్యానెల్ ఎన్‌టీఎస్‌సీ అనే రంగుల కొలతలో 45 శాతమే చూపిస్తుంది, రంగులు వెలవెలబోతాయి. ఫొటోలు, వీడియోల పని ఉంటే ఎస్‌ఆర్‌జీబీ అనే ఇంకో కొలతలో 100 శాతం రంగులు చూపించే ప్యానెల్ ఉన్నదే తీసుకోండి. స్పీకర్లు పర్వాలేదు.

ఇంకో సంగతి నాకు మింగుడు పడట్లేదు. 2025లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్9లో ట్రాక్‌పాయింటే లేదు. కొత్తవాళ్ల కోసం అది వేరే వరస అంటే సరే. ఆ ఆలోచన టి వరసలోకి పాకితే మాత్రం 2013 నాటి గొడవ మళ్లీ చూస్తారు, అందులో నా గొంతూ ఉంటుంది.

నా తీర్పు అడిగితే, రోజంతా టైప్ చేసే పని మీదైతే కళ్లు మూసుకుని తీసుకోండి. సినిమాలకి, గేమ్‌లకి అయితే వద్దు, ఆ డబ్బుకి అంతకన్నా మంచి తెర వస్తుంది. బడ్జెట్ సరిపోకపోతే పాత టి వరసలో సెకండ్‌హ్యాండ్ చూడండి, కానీ 2013 నుంచి 2014 మధ్య వచ్చిన బటన్లు లేని మోడళ్లు మాత్రం ముట్టుకోకండి. కొనేముందు చుక్క మీద వేలు పెట్టి, మధ్య బటన్ నొక్కి, ఒక పొడుగు పేజీ జరిపి చూడండి. శుక్రవారం ఇది షాపుకి తిరిగి ఇచ్చేస్తున్నాను. ఈలోగా ఏదైనా పరీక్షించి చెప్పమంటే అడగండి.