ఊపిరి ముందొస్తుంది, బొక్క వెనకొస్తుంది

(హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో యువ అథ్లెట్లు, వాళ్ల తల్లిదండ్రులతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే ప్రాక్టీస్ ముగించుకుని ఆ చెమటతోనే వచ్చి కూచున్న పిల్లలకు, పనులు మానుకుని వాళ్ల వెంట వచ్చిన అమ్మలకు, బాపులకు, పీఈటీ సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

మీ వెనక ఉన్న ఈ ట్రాక్ మీదే 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మీలో కొందరు చూసే ఉంటారు. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ ఆ పోటీల్లో 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరిగెత్తింది. 2002 బూసాన్ ఆసియా క్రీడల్లో సునీతా రాణి పెట్టిన 4 నిమిషాల 6.03 సెకన్ల జాతీయ రికార్డు పందొమ్మిదేళ్లు నిలిచి, చివరికి మన హన్మకొండలో పోయింది. ఈ ఊళ్లో అందరూ ఆ రేసు గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ తర్వాతి ఏడాది ముఖ్యం. 2022లో ఆ అమ్మాయి మోకాలికి ఆపరేషన్ అయింది. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు చేజారిపోయాయి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకు వెళ్లి 1500లో ఒకటి, 800లో ఒకటి, రెండు వెండి పతకాలు గెలిచింది. వాళ్లమ్మ మాధురి 2002లో గెలిచిందీ 800లో వెండి పతకమే.

ఆ రికార్డుకూ ఈ పతకాలకూ నడుమ ఉన్న రోజుల్ని ఎవరూ టీవీలో చూపించరు. అలాంటి రోజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

నేను 5000, 10,000 మీటర్లు పరిగెత్తేదాన్ని. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు ఆరుసార్లు వెళ్లాను. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక 5000 మీటర్ల రేసులో, తొమ్మిదో ల్యాప్ మలుపులో, ఎడమ కాలి ముంగాలి బొక్క విరిగింది. ఎవరూ తగల్లేదు, నేను జారిపడలేదు. పరిగెత్తుతుంటేనే విరిగింది. ఎండు కట్టె మీద కాలు పడితే వచ్చే చప్పుడు నా ఒంట్లోంచి వచ్చింది. వెనక వస్తున్న అమ్మాయికి కూడా వినిపించిందట.

విరిగింది ఆ రోజే గానీ, విరగడం మొదలై అప్పటికి రెండు నెలలు దాటింది. సెలక్షన్ దగ్గరపడుతోందని వారానికి 70 కిలోమీటర్ల పరుగును మూడు వారాల్లో 110కి పెంచాను. అందులో సగం మా ఊరి సీసీ రోడ్డు మీద. ఒళ్లు తేలికైతే స్పీడ్ వస్తుందని రాత్రి అన్నం మానేశాను. నొప్పి మొదట పరుగు చివర్లో వచ్చేది. కొన్నాళ్లకు మొదటి కిలోమీటర్ నుంచే వచ్చింది. ఆ తర్వాత నడిస్తే వచ్చింది. ఆఖరికి రాత్రి మంచం మీద పడుకున్నా సలిపేది. అప్పుడు నాకు శిక్షణ ఇచ్చిన ఆయన, "నొప్పి లేకుండా పరుగెక్కడిది బిడ్డా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకు నేర్పినవాళ్లు కూడా అదే నేర్పి ఉంటారు. కానీ ఆ మాట తప్పు. ఇవాళ ఇక్కడ ఉన్న కోచ్‌లందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను, పిల్లలతో ఆ మాట అనకండి.

పిక్క పట్టేస్తే నొప్పి కండంతా పరుచుకుని ఉంటుంది, ఒళ్లు వేడెక్కితే తగ్గుతుంది. బొక్కది అట్లా కాదు. ఒక్క వేలితో ముంగాలి మీద పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. రూపాయి బిళ్లంత చోట వేలు పడగానే ప్రాణం పోయినట్టు అనిపిస్తే, అక్కడే ఆగిపోవాలి. ఇప్పుడే, ఈ కుర్చీలో కూచునే నొక్కి చూసుకోండి. నేనూ ఒక ఎక్స్‌రే తీయించుకున్నాను, అందులో ఏమీ కనపడలేదు. ఈ పగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు, ఎంఆర్ఐలో కనపడుతుంది. నాకు ఆ సంగతి తెలియదు. ఫిల్మ్ బాగుందని సంతోషపడి మళ్లీ పన్నెండు రోజులు పరిగెత్తాను.

ఆపరేషన్ చేసి బొక్కలోకి రాడ్ దింపారు. మా మేనమామ ఆకు కట్టు కట్టిద్దామన్నాడు గానీ బాపు ఒప్పుకోలేదు.

బొక్క అసలు ఎట్లా బలపడుతుందో చెప్తాను. ఇక్కడికి నాలుగడుగుల దూరంలో వేయి స్తంభాల గుడి ఉంది కదా. అక్కడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పడం మొదలుపెట్టారు, మళ్లీ నిలబెట్టి తెరిచింది 2024 శివరాత్రికి. రాళ్లు తీసి, పునాది సరిచేసుకుని, తిరిగి పేర్చారు. ఆ ఏళ్లలో అక్కడికి వెళ్లినవాళ్లకు రాళ్ల కుప్పలే కనపడేవి. బొక్క పనీ అంతే. మనం పరుగు పెంచగానే ఒంట్లో కొన్ని కణాలు ముందు పాత బొక్కను తొలుస్తాయి, ఆ గుంటల్లో వేరే కణాలు కొత్త బొక్క కడతాయి. తొలవడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది, కట్టడానికి మూడు నెలలు. అంటే పరుగు పెంచిన మూడు నాలుగు వారాలకు బొక్క ముందుకన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనకు ఫిట్‌నెస్ పెరిగిందనిపించి ఇంకో పది కిలోమీటర్లు కలుపుతాం. విప్పిన మండపం మీద కప్పు ఎత్తినట్టు.

ఇప్పుడు బావి సంగతి.

కుట్లు పూర్తిగా మానాక, నీళ్లలోకి దిగొచ్చని డాక్టర్ చెప్పాక, నీళ్లలో పరిగెత్తమని ఒక ఫిజియో మేడమ్ సలహా ఇచ్చింది. కాళ్లు అడుగున తగలకుండా లోతు నీళ్లలో, నిలువుగా, నేల మీద పరిగెత్తినట్టే కాళ్లూ చేతులూ ఆడించాలి. గుండెకు, ఊపిరితిత్తులకు పని దొరుకుతుంది, బొక్క మీద బరువు పడదు. మేడమ్ చెప్పింది స్విమ్మింగ్ పూల్ గురించి. నర్సంపేట అవతల మా ఊళ్లో ఉన్నది మా పొలం బావి. బాపు రెండు ఖాళీ నూనె డబ్బాల మూతలు బిగించి, నా నడుముకు రెండు పక్కలా కట్టాడు. చంకల కింద నుంచి తాడు వేసి, రెండో కొస తన చేతికి చుట్టుకుని మెట్ల మీద కూచునేవాడు. పొద్దున నీళ్లు చల్లగా ఉండేవి. గోడల్లో పిచ్చుకలు. ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం మెల్లగా. బాపు ఫోన్‌లో టైమ్ చూసి "ఊఁ" అంటే గట్టిగా, "ఆఁ" అంటే మెల్లగా. ఇరవై సార్లు. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉంటాం, ఎదురుగా అదే గోడ, అదే రాయి. మూడో వారం ఒక రోజు మధ్యలో ఆపేసి ఏడ్చాను. బాపు ఏమీ అనలేదు. తాడు వదల్లేదు. కాసేపటికి మళ్లీ "ఊఁ" అన్నాడు.

ఎవరూ ఒంటరిగా ఇట్లా బావిలోకి దిగకండి. ఈత వచ్చిన పెద్దమనిషి పక్కన ఉండాలి, తాడు ఉండాలి.

1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం, గట్టిగా ట్రైనింగ్ చేస్తున్న అథ్లెట్ల చేత ట్రైనింగ్ పూర్తిగా మాన్పించి కొలిచింది. ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ శక్తి మూడు వారాల్లో 7 శాతం పడిపోయింది, ఎనిమిది వారాలకు 16 శాతం తగ్గి అక్కడ ఆగింది. మంచం మీద ఉన్నప్పుడు అంతా పోయిందనిపిస్తుంది కదా, అంతా పోదు. పైగా పోయింది తొందరగా తిరిగొస్తుంది. నాకు అసలు ప్రమాదం అక్కడి నుంచే మొదలైంది. బావి పుణ్యమా అని ఐదో నెలకల్లా నా ఊపిరి మునుపటిలా అయింది. బొక్క ఇంకా కాలేదు. ఊపిరి ముందొస్తుంది, బొక్క వెనకొస్తుంది, ఆ రెండింటి నడుమ ఖాళీలో మనం చేసే పనే మళ్లీ ట్రాక్ ఎక్కుతామా లేదా అన్నది తేలుస్తుంది. నేనైతే ఆ ఖాళీలో ఒకసారి పడ్డాను.

నాకు అప్పటికి ఉన్న పర్మిషన్ నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, అట్లా ఆరుసార్లు, అదీ రోజు విడిచి రోజు. ఒక రోజు తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా మా చెరువు కట్ట మీదికి వెళ్లి ఎనిమిది కిలోమీటర్లు ఆపకుండా పరిగెత్తాను. ఆయాసం లేదు. చల్లటి గాలి. నా జీవితంలో అంత హాయైన పరుగు ఇంకోటి గుర్తులేదు. ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు వెళ్లాను. నొప్పి వచ్చింది, విరిగిన ఎడమ కాల్లో కాదు, కుడి పాదంలో. నాకు తెలియకుండానే ఎడమ కాలిని కాపాడుకుంటూ బరువంతా కుడి వైపు వేస్తున్నాను. పాదం బొక్కలో పగులు మొదలవుతోందని ఎంఆర్ఐ చెప్పింది. ఇంకో రెండు నెలలు పోయాయి. ఆ సాయంత్రం బాపు ముఖంలోకి చూడలేకపోయాను.

ఇక్కడ మీకు జోన్ బెనాయిట్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథ ఇప్పుడు ఫోన్లలో చాలా తిరుగుతుంది. 1984లో అమెరికా ఒలింపిక్ మారథాన్ ట్రయల్స్‌కు సరిగ్గా 17 రోజుల ముందు ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. మే 12న ట్రయల్స్ గెలిచింది. ఆగస్టు 5న లాస్ ఏంజెలెస్‌లో, ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి ఆడవాళ్లకు పెట్టిన మారథాన్‌లో 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లతో బంగారు పతకం తీసుకుంది. నాకు ఆమె అంటే ఎంతో గౌరవం. కానీ "ఆమె 17 రోజుల్లో లేచింది, నువ్వెందుకు లేవవు" అని ఒక పెద్దమనిషి నన్ను అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడుంది. ఆమెకు విరిగింది బొక్క కాదు. చిన్న రంధ్రం చేసి, మోకాల్లో అడ్డుపడుతున్న కణజాలాన్ని తీసేశారు. అంత చిన్న ఆపరేషన్ తర్వాత కూడా, తొందరగా మళ్లీ మొదలుపెట్టేసరికి తొడ వెనక కండరం పట్టేసి ఆమె ఇబ్బంది పడింది. ఒకరి గాయంతో ఇంకొకరి గాయానికి తేదీలు కలపకండి.

కుడి పాదం మానాక నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను. అరగంట గబగబా నడిచినా నొప్పి లేకపోతేనే పరుగు. మొదట మట్టి మీద. పరిగెత్తేటప్పుడు ఎట్లా ఉందన్న దాన్ని నమ్మలేదు; ఆ రాత్రి ఎట్లా ఉంది, మర్నాడు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు ఎట్లా ఉంది, అదే రాసుకునేదాన్ని. దూరం పెంచిన వారం స్పీడ్ పెంచలేదు. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించేదాన్ని. అడుగున మేకులుండే రేసు షూ, అదే స్పైక్స్, అన్నింటికన్నా చివర. పిక్కలకు, తుంటికి బరువులతో కసరత్తు మాత్రం మొదటి రోజు నుంచీ, ఎందుకంటే కండ అలిసిపోతే ఆ దెబ్బంతా బొక్కే తినాలి.

అమ్మలతో ఒక మాట. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చాక, మా గ్రౌండ్‌కు వచ్చే ఆడపిల్లలు పెరిగారు. నాకు చెప్పలేనంత సంతోషం. అందుకే ఇది మైకులో చెప్తున్నాను, సిగ్గుపడొద్దు. నా కాలు విరగకముందు నాలుగు నెలలు నాకు నెలసరి రాలేదు. పోటీలప్పుడు బాధ తప్పిందని సంబరపడ్డాను, మా అవ్వకు చెప్పలేదు. పరుగుకు తగ్గ తిండి లేకపోతే ఒళ్లు ఒక్కొక్క పనీ ఆపేస్తుంది, ముందు నెలసరి ఆపుతుంది, ఆ తర్వాత బొక్క కట్టడం తగ్గిస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరు కూడా పెట్టింది, ఇది మగపిల్లలకూ వస్తుందని చెప్పింది. మూడు నెలలు నెలసరి రాకపోతే, కాలు నొప్పి లేకపోయినా సరే, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పరిగెత్తి వచ్చిన పిల్లకు గంట లోపల కడుపునిండా పెట్టండి. పాలు, గుడ్లు, పప్పు, జొన్న రొట్టె, నువ్వుల ముద్ద, ఇవన్నీ మన ఇళ్లల్లో ఉన్నవే. సన్నబడ్డావని మెచ్చుకోకండి. మా అవ్వ రాత్రిపూట నా పక్కన కూచుని, పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేచేది కాదు.

కాలు విరిగిన పద్నాలుగు నెలలకు మళ్లీ 5000 మీటర్ల రేసుకు నిలబడ్డాను. 17 నిమిషాల 21 సెకన్లు, ఏడో స్థానం. తొమ్మిదో ల్యాప్ మలుపు వచ్చినప్పుడు చెవులు ఆ చప్పుడు కోసమే వింటున్నాయి. రాలేదు. తర్వాతి సీజన్‌లో 16 నిమిషాల 38 సెకన్లు పరిగెత్తాను, విరగకముందు నా బెస్ట్ కన్నా నాలుగు సెకన్లు తక్కువ. బాపుకు ఫోన్ చేసి చెప్తే, "కాలెట్లుంది?" అని అడిగాడు. టైమ్ ఎంతని తర్వాత అడిగాడు.

నేను మధ్యాహ్నం దాకా ఆ గ్యాలరీ కింద నీడలో కూచుంటాను. ఇందాక వేలితో నొక్కుకున్నప్పుడు ఎవరికైనా ఒక్క చోట కలుక్కుమంటే, రేపే పోటీ ఉన్నా సరే, రండి. మాట్లాడటానికి బెరుకైతే అమ్మను వెంటబెట్టుకుని రండి. పరిగెత్తే షూ కూడా తెండి, ఏ వైపు ఎక్కువ అరిగిందో చూద్దాం.