పెద్ద వాహనానికి ఇంటి దగ్గరే హెడ్‌లైట్ బల్బులు మార్చి, ఫోకస్ సరిచేసుకునే పద్ధతి

నమస్కారం. లారీ, మినీ బస్సు, పెద్ద వ్యాను వంటి ఎత్తైన వాహనానికి ఇంటి ఆవరణలోనే హెడ్‌లైట్ బల్బులు మార్చడం, ఆ తర్వాత వాటి ఫోకస్ సరిచేయడం ఈ వీడియోలో చూద్దాం. బల్బు మార్చడం పది నిమిషాల పని. ఫోకస్ అలా కాదు, దానికి ఓపిక కావాలి. అందుకే మొదటి భాగాన్ని త్వరగా ముగించి, రెండో భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

వాహనం చదునైన చోట నిలిపి ఉంది. హ్యాండ్‌బ్రేక్ వేశాను, చక్రాలకు దిమ్మలు పెట్టాను, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. హాలోజన్ బల్బు చేయి కాలేంత వేడెక్కుతుంది కనుక లైట్లు ఆర్పి చాలాసేపు ఆగాను.

పాత బల్బు అడుగున ఉన్న అక్షరాలను ఒకసారి చదవండి. ఇదిగో, 24 వోల్టులు, హెచ్4, 75/70 వాట్లు. కార్లకు వాడే హెచ్4 బల్బు 12 వోల్టులు, 60/55 వాట్లు ఉంటుంది. రెండింటి ఆకారం ఒకటే కావడంతో హోల్డర్‌లో రెండూ సరిగ్గానే కూర్చుంటాయి, కానీ 12 వోల్టుల బల్బును 24 వోల్టుల వాహనానికి పెడితే స్విచ్ వేసిన వెంటనే మాడిపోతుంది.

కనెక్టర్ లాగాను. రబ్బరు మూత తీశాను. స్ప్రింగ్ క్లిప్‌ను నొక్కి పక్కకు తప్పించాను, బల్బు బయటికి వచ్చింది. కొత్త బల్బును గాజు దగ్గర కాకుండా లోహపు అంచు దగ్గర పట్టుకోవాలి, ఎందుకంటే వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. అంచుకు మూడు చెవులున్నాయి, వాటిలో ఒకటి వెడల్పైనది. మూడూ గాళ్లలో పూర్తిగా దిగాకే క్లిప్ వేయండి. బల్బు ఒంకరగా కూర్చుంటే స్క్రూలు ఎంత తిప్పినా వెలుగు సరైన ఆకారంలో పడదు. రబ్బరు మూత మీద పైభాగం గుర్తు ఉంటే అది పైకే ఉండాలి. ఒకవైపు బల్బు పోయినా నేను రెండూ కలిపే మారుస్తాను, లేకపోతే రెండు వైపులా వెలుగు ఒకేలా ఉండదు.

చాలామంది ఈ హోల్డర్‌లోనే ఎల్‌ఈడీ బల్బు పెట్టవచ్చా అని అడుగుతారు. ఈ రిఫ్లెక్టర్‌ను హాలోజన్ ఫిలమెంట్ ఉండే స్థానాన్ని బట్టి తీర్చిదిద్దారు. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా అది పడకూడని చోట పడి ఎదుటివారి కళ్లు చెదురుతాయి. కనుక నేను పెట్టను.

ఇప్పుడు ఫోకస్. బ్యాటరీ తీగ మళ్లీ బిగించాను. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీటులో మనిషి ఉండాలి, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న వాహనమైతే గాలి నిండి మామూలు ఎత్తుకు రావాలి. డ్యాష్‌బోర్డులో లైట్ల ఎత్తు మార్చే చక్రం ఉంటే దాన్ని సున్నాకు తిప్పండి. గోడకూ లైటుకూ మధ్య సరిగ్గా 10 మీటర్ల దూరం ఉంచుదాం.

లో బీమ్ పైఅంచు, అంటే వెలుగు ఆగి చీకటి మొదలయ్యే గీత, లైటు ఎత్తు కంటే కొంచెం కిందికి పడాలి. ఎంత కిందికన్నది శాతంలో చెబుతారు. 1 శాతం అంటే 10 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. కార్లకు సాధారణంగా అంత సరిపోతుంది. ఈ వాహనంలో లైటు కేంద్రం నేల నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఇంత ఎత్తులో ఉన్న లైటును అదే 1 శాతానికి పెడితే ముందు దగ్గరగా వెళ్లే కారు అద్దాలన్నీ వెలిగిపోతాయి. అందుకే లైటు మీటరు కంటే ఎత్తులో ఉంటే 1.5 నుంచి 2 శాతం వరకు దించుతారు. లైటు పక్కన గానీ, తయారీదారు బిగించిన పలక మీద గానీ చిన్న బొమ్మతో ఈ శాతం ముద్రించి ఉంటే దాన్నే పాటించండి. ఇక్కడ 1.5 అని ఉంది, అంటే మనకు 15 సెంటీమీటర్లు.

ఇక నేను దెబ్బతిన్న చోటుకు వచ్చాం. మొదటిసారి లైటు ఎత్తును టేపుతో నేల నుంచి కొలిచి, గోడ దగ్గరకు వెళ్లి, అక్కడి నేల నుంచి అంతే ఎత్తులో గీత గీశాను. దాని కింద 15 సెంటీమీటర్లకు మరో గీత గీసి, వెలుగు అంచును దానికి తెచ్చి, పని అయిపోయిందనుకున్నాను. ఆ రాత్రి ఎదురుగా వచ్చిన ప్రతి బండీ నాకు లైట్లు కొట్టింది. మరుసటి రోజు మళ్లీ కొలిచాను, మళ్లీ అదే లెక్క వచ్చింది. తప్పు స్క్రూలలో లేదు, నేలలో ఉంది. బండి నిలిచిన చోటు చదునే, కానీ నీరు గోడ దగ్గర నిలవకూడదని చివరి మూడు మీటర్ల గచ్చును గోడ వైపు ఎత్తుగా వేశారు. గోడ దగ్గరి నేల 12 సెంటీమీటర్లు ఎత్తులో ఉండటంతో నా గీత కూడా అంత పైకి పోయింది. 15 సెంటీమీటర్లు దించాననుకున్న వెలుగు నిజానికి 3 సెంటీమీటర్లే దిగింది.

అందుకే ఇప్పుడు గోడ దగ్గర నేల నుంచి కొలవను. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే ఈ పారదర్శక నీటి గొట్టం వాడతాను. లేజర్ మట్టం ఉన్నవారు అదే వాడవచ్చు, కానీ పట్టపగలు దాని గీత కనిపించక కళ్లు నొప్పి పుట్టాయి, నాకు గొట్టమే నచ్చింది. నీటిలో గాలి బుడగలు లేకుండా చూసి, ఒక చివర నీటిమట్టాన్ని లైటు కేంద్రానికి సరిగ్గా పట్టండి, రెండో చివర గోడ మీద నీరు ఎక్కడ నిలిచిందో అక్కడ గుర్తు పెట్టండి. చూడండి, మధ్యలో నేల ఎలా ఉన్నా ఈ గుర్తు మారదు. గొట్టం మోసుకెళ్లేటప్పుడు రెండు చివరలూ బొటనవేలితో మూయాలి, గుర్తు పెట్టేటప్పుడు రెండూ తెరిచి ఉండాలి. ఇది మరిచిపోతే కొలత తప్పుతుంది. రెండో లైటుకు కూడా ఇలాగే విడిగా గుర్తు పెట్టండి. ప్రతి గుర్తు కింద 15 సెంటీమీటర్లకు ఒక అడ్డగీత గీయండి.

చీకటి పడింది. ఒక లైటుకు అట్టను కాస్త ఎడంగా అడ్డుపెట్టి, లో బీమ్ వేశాను. పైనున్న స్క్రూ ఎత్తుకు, పక్కనున్నది కుడి ఎడమలకు, అయితే మీ వాహనంలో వాటి స్థానాలు వేరుగా ఉండవచ్చు. పావు చుట్టు తిప్పడం, ఆగి గోడ చూడడం, మళ్లీ పావు చుట్టు. వెలుగు అంచు చదునుగా ఆ అడ్డగీత మీదికి వచ్చి, రోడ్డు పక్కవైపుకు పైకి వంగే ఆ మలుపు లైటు కేంద్రానికి నేరుగా గీసిన నిలువు గీత మీద పడాలి. హెచ్4లో రెండు ఫిలమెంట్లూ ఒకే బల్బులో ఉంటాయి కనుక హై బీమ్‌ను వేరుగా సరిచేయాల్సిన పని లేదు.

అట్టను ఇటువైపు మార్చి రెండో లైటునూ ఇలాగే చేద్దాం. అయ్యాక ముందు చక్రాలు నిలిచిన చోట నేల మీద రంగుతో గుర్తు పెట్టుకుంటే వచ్చేసారి 10 మీటర్లు కొలిచే పని తప్పుతుంది. గోడ మీది గుర్తును మాత్రం నమ్మకండి. లోడు మారితే లైటు ఎత్తు మారుతుంది, కనుక నీటి గొట్టం ప్రతిసారీ తీయాల్సిందే.