కర్ర పైరంగు కాదు, అడ్డకోత చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ ఇందాక ముగ్గురు చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను, ఏమనుకోవద్దు. గ్రంథాలయం వార్షికోత్సవానికి నన్ను "రిటైరయ్యాక కాలక్షేపం" మీద మాట్లాడమన్నారు. నా కాలక్షేపం వడ్రంగం. కానీ నేనొచ్చింది ఒక దూలం గురించి చెప్పడానికి.

ముందు ఈ ముక్క అటు పంపించండి. చేతులు మారుతూ వెనక వరసదాకా వెళ్ళి మళ్ళీ నాకు రావాలి.

మూడేళ్ళ కింద మా మండువా ఇల్లు పడగొట్టారు. మాది మార్కాపురం వైపు, నల్లమల పక్కనే. అన్నదమ్ముల మధ్య స్థలం తేలింది గానీ కలప సంగతి ఎవడికీ పట్టలేదు, దూలాలన్నీ తూకానికి అమ్మేశారండీ, తూకానికి! నేను వెళ్ళేసరికి ఒక్కటి మిగిలింది. పొగ పట్టి నల్లగా ఉంది. మనవరాలికి ఉయ్యాల చేద్దామని ఆటోలో వేసుకొచ్చా.

ఏ కర్ర అని అడిగితే సామిల్లులో టేకన్నాడు. మా బావగారు నల్లమద్ది అన్నారు. ఇంకొకాయన ఇరుగుడన్నాడు, బల్లగుద్ది మరీ. ముగ్గురూ చూసింది పైన మసి. అసలు చిక్కంతా ఇక్కడే, పాత కర్ర పైరంగుని నమ్మకూడదు. కొత్త కర్రయితే ఇంకా నమ్మకూడదు. ఒక అడితిలో నాకు తెల్లచెక్కకి రంగు పూసి టేకు చేవ అని అంటగట్టారు, చిత్రిక రెండు పట్లు పట్టేసరికి లోపల పాలలా తెల్లగా... సరే, అది వేరే కథ, తలుచుకుంటే బీపీ వస్తుంది.

అడ్డకోత చూడాలండీ. దుంగని అడ్డంగా కోసినప్పుడు కనపడే మొహం. రంపం గీతలుంటే ఏమీ తెలీదు, కొంచెం తడిపి కొత్త బ్లేడుతో నున్నగా చెక్కి, పదింతలు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి చూడాలి. టేకయితే ఏడాదికొకటి పెరిగే ప్రతి వలయం మొదట్లో పెద్ద పెద్ద రంధ్రాలు వరసకట్టి ఉంటాయి, కళ్ళు బాగుంటే అద్దం లేకుండానే కనపడతాయి. తాజాగా కోస్తే తోలు వాసన లాంటిది వస్తుంది, చేతికి నూనెగా తగులుతుంది. నా ముక్కలో ఆ వరస లేదు, ఆ వాసనా లేదు. బరువు కూడా ఎక్కువ. టేకు ఘనపు మీటరు దాదాపు 650 కిలోలుంటే ఇది 800 దగ్గర తేలింది. ఇంట్లో త్రాసూ స్కేలూ ఉంటే చాలు, ఎవరైనా లెక్కేసుకోవచ్చు.

మన పాతవాళ్ళకి ఈ అద్దాలు అక్కర్లేదు. ఏటికొప్పాక లక్కబొమ్మకి అంకుడు, కొండపల్లి బొమ్మకి తెల్ల పొణికి, బొబ్బిలి వీణకి పనస, పని చెప్తే కర్ర పేరు చెప్పేవాళ్ళు. మా తాతకి ఆ దూలం ఏంటో తెలుసు. నేను అడగలేదు. ఇరవై ఏళ్ళు దాని కిందే పడుకున్నా కదా, ఒక్కసారి కూడా అడగలేదు.

చివరికి బయటపెట్టింది మా ఆవిడ. చిత్రిక పొట్టు తడిసిన చోట గచ్చు మీద పసుపుపచ్చ మరక, ఎంత తోమినా పోలేదని నన్ను తిడుతుంటే బుర్రలో వెలిగింది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి గుప్పెడు పొట్టు వేశా. కాసేపటికి టీ డికాషన్ రంగు. ఎండలోకి పట్టుకెళ్ళి చూస్తే అంచున నీలం మెరుపు! వేగిస. మా వైపు ఏగిస అంటాం, కొందరు పెద్దేగి అంటారు. షుగర్ వాళ్ళకని గ్లాసులు అమ్ముతారే, అదే కర్ర (గ్లాసు కొనుక్కోండి గానీ మాత్రలు మాత్రం మానకండి). ఆ జాతి చుట్టాలు ఇంకొన్నిటికీ ఈ నీలం ఉంది కాబట్టి అదొక్కటే చూసి ఊరుకోలేదు, అడ్డకోతా బరువూ మరకా అన్నీ కలిశాకే పేరు పెట్టా. మీకు గట్టి రుజువు కావాలంటే బెంగళూరులో కలప శాస్త్ర సంస్థ ఉంది, ఐడబ్ల్యూఎస్‌టీ అంటారు, ముక్క ఇస్తే మైక్రోస్కోపు కింద చూసి చెప్తారు.

ఇక ఉయ్యాల. తడిస్తే పచ్చరంగు వదిలే కర్రతో పసిపిల్లకి ఉయ్యాల చేస్తే ఏమవుతుందో తల్లులకి నేను చెప్పక్కర్లేదు. మానేశా. పుస్తకాల బీరువా చేశా, అది పొడిగా ఉంటుంది. పేరు తెలీకుండా మొదలెట్టి ఉంటే గుడ్డలన్నీ పచ్చబడ్డాక తెలిసేది.

అమ్మా, అయ్యా, ఈ ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టేవాళ్ళు చెయ్యెత్తండి. నలుగురు! అమ్మే ముందు ఒక్కో దూలం కొస కోయించి జానెడు ముక్క దాచండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ రాత్రే అడిగి పేరు పెన్సిలుతో దాని మీద రాయండి.

వెనక బాబూ, ఆ ముక్క గోరుతో గీకకు, ఇటు పంపు. ఇంకో ముక్క టీల బల్ల మీద పెట్టా, మా గడపది. అదేంటో నాకింకా తేలలేదు. నారేపా, చండ్రా, ఇంకేదన్నానా, డెబ్భై దాటినవాళ్ళు ముందు రండి. టీ తాగకముందే వాసన చూడండి, తాగాక ముక్కు పనిచెయ్యదు.