రెండు డీఎన్‌ఎస్ సర్వర్లు: ఒకటి నల్లగొండలో, ఇంకొకటి మహబూబ్‌నగర్‌లో

అందరికీ నమస్కారం. వెబ్‌సైటు పేరు అడిగితే దాని ఐపీ చిరునామా చెప్పేది డీఎన్‌ఎస్ సర్వర్. ఒకటి ఆగినా ఇంకొకటి పలికేలా రెండు పెట్టుకోవడం ఇవాళ చూద్దాం. తెర మీద రెండు టెర్మినళ్లు కనిపిస్తున్నాయి కదా. ఎడమ పక్కది నల్లగొండలో మా ఆఫీసు సర్వర్. కుడి పక్కది మహబూబ్‌నగర్‌లో మా బావ ఆఫీసులో ఉన్నది. రెండింటిలోనూ ఉబుంటు లినక్స్, దాని మీద డీఎన్‌ఎస్ పని చేసే బైండ్ 9 ప్రోగ్రాము. రెండు చోట్లా స్టాటిక్ ఐపీ, అంటే మారని చిరునామా, ఉంది, అది లేకపోతే ఈ పని కుదరదు.

రెండోది అంత దూరంలో ఎందుకంటారా? మొదట్లో నాకు రెండూ ఒకే బల్ల మీద, ఒకే యూపీఎస్ మీద ఉండేవి. ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. అరగంటకు యూపీఎస్ కూతపెట్టి ఆగిపోయింది. రెండు సర్వర్లూ కలిసే పడుకున్నాయి. వేరు వేరు ఊళ్లలో, వేరు వేరు నెట్‌వర్కుల మీద పెట్టుకోమని 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2182 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంలో రాసే ఉంది. నేను ఆ తర్వాత చదివాను.

సరే, ఇన్‌స్టాల్ చేయడం మీకు తెలిసిందే, ఎంటర్ కొట్టేస్తున్నాను. ఇదిగో ఎడమ పక్క ఫైలు. ఈ జోన్‌కు, అంటే మన డొమైన్ పేరు కింది రికార్డులకు, ఇది ప్రైమరీ, అసలు ప్రతి ఉండేది ఇక్కడే. ఈ వరుసలో మహబూబ్‌నగర్ ఐపీ ఇచ్చాను, కాపీ తీసుకెళ్లే అనుమతి దానికొక్కదానికే. కింది వరుసలోనూ అదే ఐపీ, మార్పు జరగగానే కబురు వెళ్లడానికి. సెమికోలన్లు చూసుకోండి. సేవ్.

ఇప్పుడు కుడి పక్క. ఇది సెకండరీ, కాపీ ఉంచుకునేది. ప్రైమరీ ఐపీ ఇది. ఫైలు దారి మాత్రం ఇలా క్యాష్ ఫోల్డర్‌లోనే ఇవ్వండి. ఈటీసీ ఫోల్డర్ కింద ఇస్తే ఉబుంటులో యాప్ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ రాయనివ్వదు. ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, భయపడకండి, అది బైనరీ రూపం. ఫైర్‌వాల్‌లో 53వ పోర్టును డేటా పంపే రెండు పద్ధతులకూ, యూడీపీకీ టీసీపీకీ, తెరవండి. ప్రశ్నలు ఎక్కువగా యూడీపీలో వస్తాయి, జోన్ కాపీ మాత్రం టీసీపీలోనే వెళ్తుంది. ఫైళ్లు దిద్దడానికి నేను నానో ఎడిటర్ వాడుతున్నాను, విమ్ ఎడిటర్ వాళ్లు క్షమించాలి. పాత కమాండు కావాలంటే కంట్రోల్ ఆర్ నొక్కండి, మళ్లీ మళ్లీ టైపు చేయకండి.

ఇక్కడ ఆగుదాం. జోన్ ఫైలు. ఈ అంకె చూడండి, సీరియల్ నంబర్. పెద్దది చేసి చూపిస్తాను. 2025061501. సంవత్సరం, నెల, తేదీ, చివర ఆ రోజు ఎన్నో మార్పో. ప్రైమరీ కబురు పంపగానే సెకండరీ వచ్చి చూసేది ఈ అంకెనే. తన దగ్గర ఉన్నదానికంటే పెద్దదైతే కాపీ తీసుకుంటుంది. కాకపోతే తీసుకోదు. మీరు లోపల ఎన్ని మార్చినా సరే, తీసుకోదు.

నేనేం చేశానంటే, ఒక రాత్రి 2025 అనబోయి 2052 అని కొట్టాను. సెకండరీ బుద్ధిగా తీసుకుంది. మర్నాడు చూసుకుని 2025కు దిద్దాను. అంతే, ఆ రోజు నుంచి మహబూబ్‌నగర్ సర్వర్ కదలలేదు. దాని లెక్కలో మన కాపీ ఇరవై ఏడేళ్లు పాతది! నేనేమో మూడు రోజులు ఫైర్‌వాల్ తవ్వుతూ కూర్చున్నాను. వచ్చిన అంకె తన దగ్గర ఉన్నదానికంటే చిన్నదని సెకండరీ తన లాగ్‌లో ప్రతిసారీ రాస్తూనే ఉంది, నేనే చూడలేదు. మందు ఇదిగో, సెకండరీ మీద ఆర్‌ఎన్‌డీసీ రీట్రాన్స్‌ఫర్ అనే కమాండు, పక్కన జోన్ పేరు. అంకె చూడకుండా మళ్లీ మొత్తం తెచ్చుకుంటుంది. రీలోడ్ చేసే ముందు ఈ పది అంకెలనూ వేలు పెట్టి చదవండి.

సరిచూద్దాం. డీఎన్‌ఎస్ సర్వర్లను ప్రశ్నించే డిగ్ కమాండుతో ఇద్దరినీ అడుగుతున్నాను. ఎడమ, కుడి. సీరియల్ ఒకటే వచ్చింది. డొమైన్ పేరు కొన్న రిజిస్ట్రార్ దగ్గర ఈ రెండు నేమ్‌సర్వర్ల పేర్లూ ఐపీలతో నమోదు చేయండి, ఆ పేజీ ఇదిగో.

ఇక భారం పంచుకోవడం. సరిగ్గా సగం సగం రాదు. బయటి రిజాల్వర్లు, అంటే జనం తరఫున మన సర్వర్లను అడిగేవి, చాలావరకు త్వరగా జవాబిచ్చేవాళ్లనే ఎక్కువసార్లు అడుగుతాయి. ఆఫీసు లోపలి లినక్స్ కంప్యూటర్ల సంగతి వేరే, అవి వాడుకునే రిజాల్వర్లు కూడా వేరే. వాటి రిజాల్వ్ కాన్ఫ్ ఫైలులో రెండు రిజాల్వర్లను రాసినా ఎప్పుడూ మొదటిదాన్నే అడుగుతాయి. అది పలకకపోతే 5 సెకన్లు ఆగి రెండోదాని దగ్గరకు వెళ్తాయి. అందుకే కింద వంతులవారీగా అడగడానికి రొటేట్ అని ఒక వరుస, ఒక్క సెకనే ఆగడానికి టైమౌట్ 1 అని ఇంకొకటి వేశాను. మూడు సర్వర్లకు మించి రాసినా లెక్కలోకి రావు.

ఇప్పుడు నల్లగొండ సర్వర్‌ను ఆపుతున్నాను. ఆపాను. డిగ్... ఎడమ నుంచి జవాబు లేదు. కుడి పక్క పలికింది, చూశారా. మన ఎక్స్‌పైర్, అంటే సెకండరీ కాపీ చెల్లే గడువు, 1209600 సెకన్లు, అంటే రెండు వారాలు ప్రైమరీ లేకపోయినా ఇది నడిపిస్తుంది. మళ్లీ స్టార్ట్ చేస్తున్నాను, పోయినసారి వీడియో తీసి మరిచిపోయాను, మా బావ ఫోన్ చేసి గుర్తుచేయాల్సి వచ్చింది.