అడిగినప్పుడు చెప్పడం

(శ్రీకాకుళంలో ఒక శనివారం సాయంత్రం జరిగిన యువజన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

పాస్టరు గారికి, సంఘ పెద్దలకి, అమ్మలకి, తమ్ముళ్లకి, చెల్లెళ్లకి వందనాలు.

నేను వేదాంతం చదువుకున్నవాణ్ని కాదు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మీరిచ్చిన అంశం 'కనికరము, సువార్త భారము', అంటే జాలిపడడం, యేసు సంగతి నలుగురికీ చెప్పాలన్న తపన. తెలుగు మేష్టార్ని కదా, ముందు ఆ 'కనికరము' అన్న మాట దగ్గరే ఆగిపోతాను. ఓర్చుకోండి.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక కుష్ఠరోగి యేసు ముందు మోకాళ్లూనుతాడు. 'ఆయన కనికరపడి, చెయ్యిచాపి వానిని ముట్టి' అని ఉంటుంది. ఈ కనికరపడడం మనం బైబిల్లో తప్ప ఇంట్లో వాడే మాట కాదు. గ్రీకులో అక్కడున్న క్రియ పేగులు, కడుపు అనే మాటలోంచి పుట్టిందట. అది విన్నరోజు నాకు భలే సంతోషమేసింది. మన అమ్మలు అనేది అదే కదా? 'ఆ పిల్లాణ్ని చూస్తే కడుపు తరుక్కుపోయింది' అంటారు. యేసుకి జరిగింది అది. జాలి వేరు. జాలి అరుగు మీద కూర్చుని కూడా పడొచ్చు. కడుపు తరుక్కుపోతే లేచి వెళ్లాల్సిందే.

ఆ తరవాత ఆయన చేసిన పని చూడండి. 'ఎవరితోనూ ఏమీ చెప్పకు' అని గట్టిగా చెప్పి పంపాడు. బాగుచేసి, నోరు మూసుకోమన్నాడు! వాడు వినలేదు, ఊరంతా చాటాడు, అది వేరే కథ. అదే మార్కు అయిదో అధ్యాయంలో సమాధుల మధ్య తిరిగిన మనిషి బాగుపడి, నీతోనే వస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. నీ ఇంటికి వెళ్లు, ప్రభువు నీమీద కనికరపడి నీకేం చేశాడో మీవాళ్లకి చెప్పు అన్నాడు. నాకు తెలిసిన సువార్త పని మొత్తం ఆ ఒక్క ఆజ్ఞలో ఉంది. ఇంటికి వెళ్లమన్నాడు. నీకు జరిగింది చెప్పమన్నాడు. అవతలివాడి దేవుణ్ని తిట్టమని ఎక్కడా లేదు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. 2018 అక్టోబరు 11న తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో, అంటే మన జిల్లాలో కొబ్బరి, జీడి తోటల సీమలో, కొబ్బరిచెట్టు కూలిందంటే ఒక చెట్టు పోయినట్టు కాదు, ఇంట్లో సంపాదించే కొడుకు పోయినట్టు. జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు లేక మోటార్లు ఆడక మంచినీళ్లకి అల్లాడిపోయారు. మేం కొందరం చందాలేసుకుని బియ్యం, పప్పు, కొవ్వొత్తులు పట్టుకుని వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరికెళ్లాం. ఫ్లెక్సీ కూడా పట్టుకెళ్లాం లెండి. ఫ్లెక్సీ లేని సాయం ఈ రోజుల్లో ఎక్కడుంది?

బస్తాలు వేన్లోనే ఉంచాం. టార్పాలిన్ కింద అందర్నీ కూర్చోబెట్టి పాటలు, ప్రార్థన, ఒక చిన్న సందేశం అనుకున్నాం. చిన్న సందేశం ముప్పావు గంటయింది. చెప్పింది నేనే. పిల్లల కళ్లు నా మీద లేవు, వేను మీదున్నాయి. ముందు వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. చెయ్యి అడ్డంపెట్టి నెమ్మదిగా అంది: 'బాగానే చెప్తన్నావు బాబూ. గుంటలు (పిల్లలు) నిన్నట్నుంచి తిన్లేదు. ముందల బియ్యమిచ్చీండి, తరవాత నువ్వెంతసేపు చెప్పినా కూకుంటాం.'

ఆవిడ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. బియ్యమిచ్చాం. ఫొటోలు తీశాం. తిరిగొస్తూ వేన్లో ఎవరం మాట్లాడుకోలేదు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో నా చెయ్యి సంచి మీదుంది, ఆవిడ చెయ్యి సంచి మీదుంది. నేనింకా వదల్లేదు.

భావనపాడులో నాకొక పాత శిష్యుడున్నాడు, వేటకి వెళ్తాడు. 'మనుష్యులను పట్టు జాలరులు' అన్న వాక్యం మీద ఒకసారి మాటొచ్చింది. వాడన్నాడు, 'మేష్టారూ, ఎర గాలానికి పెడతాం గాని వలకి పెట్టం కదండీ. యేసు శిష్యుడు పేతురుది వల.' నాకు యాభై ఏళ్లుగా తట్టనిది వాడికి తట్టింది. మేం ఆ రోజు బియ్యాన్ని ఎర చేశాం.

లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు. ఒక్కడే తిరిగొచ్చి కాళ్ల మీద పడ్డాడు, వాడూ యూదులు వెలివేసినట్టు చూసే సమరయుడు. మిగతా తొమ్మండుగురు ఎక్కడ అని యేసు అడిగాడు. బాధపడ్డాడనే నేననుకుంటాను. కానీ వాళ్లకిచ్చిన చర్మం వెనక్కి తీసుకున్నాడని ఎక్కడైనా రాసుందా?

ఆ తొమ్మండుగురిలో మా నానమ్మ ఒకతె. నేను చిన్నప్పుడు ఆవిడకి రెండు కళ్లకీ శుక్లాలొచ్చాయి. గోడ పట్టుకుని నడిచేది. సోంపేటలో ఆరోగ్యవరం ఆసుపత్రికి బండి కట్టుకుని తీసుకెళ్లారు. కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గలిసన్ పేరు మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ తలుస్తారు. ఆయన సెలవుల్లో కెనడా వెళ్లినప్పుడు కాల్గరీలో మాట్లాడుతూ, పాతిక డాలర్లుంటే ఒక మనిషికి చూపు వస్తుందని చెప్పారు. అది విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి ఊరుకోలేక డబ్బు పోగు చేయడం మొదలుపెట్టారు. 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అలా పుట్టింది. ఇవాళ అది ఎన్నో దేశాల్లో పనిచేస్తోంది, దాని వేరు మన సోంపేటలో ఉంది. మన పిల్లలకి ఇది స్కూల్లో ఎవరూ చెప్పరు, నేనూ చెప్పలేదు.

నానమ్మ సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చింది. రాగానే దేవుణ్ని స్తుతించిందేమో అనుకుంటారు. చేట అడిగింది. అరుగు మీద కూర్చుని బియ్యం ఒకసారి చెరిగి చూసి మా అమ్మని పిలిచింది. 'ఇన్నేళ్లూ నాచేత ఇన్ని రాళ్లు తినిపించేవే?'

ఆవిడ క్రైస్తవురాలు కాలేదు. పోయేవరకూ ఏటేటా గ్రామదేవతకి ముర్రాటలు (మొక్కుబడి నీళ్లు) పోసింది. ఆసుపత్రి నుంచి ఎవరూ వచ్చి కన్ను తిరిగిచ్చెయ్యమనలేదు. మా నాన్న చాలా ఏళ్ల తరవాత, తన ప్రశ్నలు తను అడుక్కుని, నమ్ముకున్నాడు. నేను ఇక్కడ నిలబడ్డానంటే ఆ ప్రశ్నల వల్ల.

అందుకే మన కూటాల్లో 'అన్యులు' అన్న మాట విన్నప్పుడల్లా నాకు చివుక్కుమంటుంది. మా నానమ్మ అన్యురాలెలా అవుతుంది? మీ వీధిలో మీకు కరివేపాకు ఇచ్చే పిన్ని అన్యురాలా? దయచేసి ఆ మాట మానండి. పొరుగువాళ్లు అనండి. మంచి సమరయుని కథలో యేసు వాడింది అదే.

చట్టం గురించి కుర్రాళ్లు అడుగుతున్నారు కనక ఒక్క ముక్క. రాజ్యాంగం 25వ అధికరణం మన విశ్వాసాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, ప్రజాశాంతికి, నైతికతకి, ఆరోగ్యానికి లోబడి. ప్రచారం చేసే హక్కంటే ఎదుటివాడి మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద లాయర్లు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. నాకు మాత్రం పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం 15వ వచనం అంతకన్నా ముందే గీత గీసింది. 'హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు' సిద్ధంగా ఉండమంది. సమాధానం అన్నారంటే ముందొక ప్రశ్న ఉండాలి. ఎవరూ అడగడం లేదంటే, మన బతుకులో అడిగేంత వింతేమీ కనబడలేదన్నమాట.

నన్ను ఒకాయన అడిగాడు. మా పక్కింటి ఆయన, కొబ్బరి దింపే మనిషి. ఉద్దానంలో పలకరింపుగా వయసు అడిగినట్టు క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష లెక్క, ఎంతుందని అడుగుతారు, మీకు తెలుసు. ఆ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకు గట్టిగా తేల్చలేకపోయారు. ఆయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్. కొడుకులు వలస వెళ్లారు. నేను రిటైరయి ఖాళీగా ఉన్నాను, తోడు వెళ్లేవాణ్ని. మిషను మీద నాలుగ్గంటలు. దాహమేస్తే నీళ్లు తాగకూడదు, లెక్క ప్రకారం గుక్కలు. మే నెలలో ఆయన ఒక ఐసుముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు, పిల్లాడు బిళ్ల చప్పరించినట్టు. ఒకరోజు చేతిమీద ఫిస్టులా దగ్గర, అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, నా వేలు పెట్టించాడు. లోపల రక్తం జుమ్మని అదురుతోంది. 'ఎవలూ ముట్టుకోరు మేష్టారూ, అంటుతాదేమోనని' అన్నాడు.

ఏడు నెలలయ్యాక, తెల్లవారుజామున బస్సు కోసం కూర్చున్నప్పుడు, అడిగాడు. 'ఏటి మేష్టారూ, నాకేటి రుణపడిపోయేరని తిరుగుతన్నారు? మీ మతంలో కలిపీడానికా?'

తిత్లీ రోజుల్లో అయితే ముప్పావు గంట చెప్పేవాణ్ని. నానమ్మ చేట సంగతి చెప్పాను. మా నాన్న సంగతి చెప్పాను. యేసు నన్ను ముట్టుకున్నాడని నేను నమ్ముతానని, ఆ అప్పు ఆయనకి తీర్చలేక ఇలా తిరుగుతున్నానని చెప్పాను. బస్సొచ్చేలోపు అయిపోయింది. ఆయన చాలాసేపు ఊరుకుని, 'మీ నానమ్మ గట్టిదే' అన్నాడు. అంతే. తరవాత బతికిన ఏడాదిన్నరలో ఇంకో నాలుగు ప్రశ్నలడిగాడు, నాకు రెండిటికే జవాబు తెలుసు. ఆయన పోయినప్పుడు వాళ్ల పద్ధతి ప్రకారమే అన్నీ జరిగాయి. కట్టెలు మోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

సరే, ఇక పనిలోకి వద్దాం. మీ పట్టణానికి డయాలసిస్ కోసం పల్లెల నుంచి మొదటి బస్సుకి వచ్చేవాళ్లున్నారు. బస్సు కాంప్లెక్సు దగ్గర్నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వారానికి ఆరు రోజులకి ఆరుగురు కుర్రాళ్లు కావాలి. వెళ్లేటప్పుడు బైకు పర్లేదు. తిరిగొచ్చేటప్పుడు బైకెక్కించకండి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ఆటో మాట్లాడండి. కరపత్రాలు పట్టుకెళ్లొద్దు. ఒక దుప్పటి పట్టుకెళ్లండి, ఆ గదిలో ఏసీకి వాళ్లు వణికిపోతారు. నీళ్ల సీసా ఎదురుగా ఎత్తి గటగటా తాగకండి. పేర్లు రాయడానికి పుస్తకం ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. సోమవారానికి ఇంకా ఎవరూ లేరు.