చపాతీ మానేసి టెస్టుకి వెళ్ళకండి

నమస్కారం. మొన్న ఎంవీపీ కాలనీ రైతు బజారు నుంచి కూరలు పట్టుకొస్తుంటే మా పక్కింటావిడ మెట్ల మీదే ఆపి ఒక కాగితాల కట్ట చేతిలో పెట్టింది, ఏ తిండి పడదో చెబుతుందట ఆ రక్తపరీక్ష రిపోర్టు. వంద రకాల తిండి పేర్లు, పక్కన రంగుల గళ్ళు. గోధుమ ఎరుపు, పాలు ఎరుపు, పెరుగు ఎరుపు, ఆఖరికి చింతపండు కూడా పసుపు! "ఇవాళ్టి నుంచి చపాతీ, పెరుగు రెండూ బంద్ అండీ" అంది. ఆగండాగండి అన్నాను.

ఆ రిపోర్టులో కొలిచింది ఐజీజీ యాంటీబాడీలు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ తయారుచేసే ఒక రకం ప్రొటీన్లు. రోజూ తినే వస్తువుకి ఒంట్లో ఐజీజీ తయారవడం మామూలే, అంటే ఆవిడ ఏళ్ళ తరబడి పెరుగన్నం తింటోందని ఆ కాగితం చెబుతోంది, అంతే. తిండి పడుతుందో లేదో తేల్చడానికి ఈ టెస్టు వాడొద్దని ఐరోపా ఎలర్జీ డాక్టర్ల సంఘం 2008లోనే చెప్పింది.

అసలు "పడదు" అనే ఒక్క మాటలో మనం వేరువేరు సంగతులు కలిపేస్తాం. తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే అది ఎలర్జీ కావచ్చు, దానికి ఐజీఈ అనే ఇంకో రకం యాంటీబాడీని చూసే రక్తపరీక్ష, లేదా చర్మం మీద సూదితో గుచ్చి చూసే ప్రిక్ టెస్టు. పాలు తాగితే కడుపుబ్బరం అంటారా, పెద్దవాళ్ళలో చాలామందికి అది పాలలోని కేసీన్ లాంటి ప్రొటీన్ల వల్ల కాదు, లాక్టోజ్ అనే చక్కెర అరక్క. లాక్టోజ్ నీళ్ళు తాగించి ఊపిరిలో హైడ్రోజన్ ఎంతుందో కొలిస్తే తెలుస్తుంది. వీళ్ళలో చాలామందికి పెరుగు, మజ్జిగ బాగానే పడతాయి, ప్రొటీన్ ఎలర్జీ ఉన్నవాళ్ళకి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

ఇక గోధుమ. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, హాలండ్‌లో రొట్టె దొరకని రోజుల్లో కొందరు జబ్బు పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్ళీ రాగానే నీరసించిపోవడం డికే అనే పిల్లల డాక్టరు గమనించాడు. అదే సీలియాక్ జబ్బు. ఈ జబ్బున్నవాళ్ళు గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే ఒంటి రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరని పాడుచేస్తుంది. దీనికి టీటీజీ ఐజీఏ అని రక్తపరీక్ష ఉంది, ఈ జబ్బులో పెరిగే ఐజీఏ రకం యాంటీబాడీల్ని అది కొలుస్తుంది, దాంతోపాటు ఒంట్లో మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూడాలి, ఎందుకంటే కొందరికి పుట్టుకతోనే ఐజీఏ తక్కువ, అలాంటివాళ్ళకి జబ్బున్నా రిపోర్టు బాగున్నట్టే వస్తుంది.

మా మేనకోడలికి ఇంకో రకంగా బోల్తా కొట్టింది. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగట్లేదు, పేగు పొర పాడైతే ఐరన్ ఒంటికి పట్టదు కదా. ఫోన్‌లో ఏదో చదివి మూడు నెలలు గోధుమ మానేసి, ఆ తర్వాత టెస్టుకి వెళ్ళింది. నెగెటివ్! గోధుమ మానేస్తే ఆ యాంటీబాడీలు తగ్గిపోతాయి మరి. "అమ్మా, చపాతీ తింటున్నావా" అని ఆ ల్యాబ్‌లో ఒక్కరూ అడగలేదు, నాకు ఇప్పటికీ కోపమే. తర్వాత పొట్ట డాక్టరు గారు ఆరు వారాలు రోజూ గోధుమ తిని రమ్మన్నారు, పాపం కడుపు పట్టుకుని తింది పిల్ల. అప్పుడు పాజిటివ్ వచ్చింది, ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూసి ఖాయం చేశారు.

అన్నం తినేవాళ్ళం, మనకెందుకొస్తుంది అనొద్దు. ఉత్తరాదిన ఎక్కువ కనిపిస్తుంది, నిజమే, కానీ మన టిఫిన్లు చూడండి, బొంబాయి రవ్వ ఉప్మా, పూరీ, మైసూర్ బజ్జీ, సేమ్యా, అన్నీ గోధుమే.

ఇప్పుడు తను అన్నం, చోడి (రాగి) అంబలి, జొన్నరొట్టె తింటోంది, రక్తం మెల్లగా పెరుగుతోంది. మా ఇంటికొస్తే ముందు పోపుల పెట్టె దగ్గరికే వెళ్తుంది. "అత్తా, ఈ ఇంగువలో గోధుమపిండి కలిపారు, చూశావా" అని డబ్బా మీద చిన్నక్షరాలు చదివి వినిపిస్తుంది. ఇంగువ లేని పప్పుచారేమిటని మా అమ్మ గొణుగుడు ఇంకా ఆగలేదు.