ఎడారి ఊళ్ళో కాస్త కుదురు

శ్రోతలకు నమస్కారం.

నెలల తరబడి ఊళ్ళు తిరిగేవాళ్ళని చూసి అదృష్టవంతులనుకుంటాం. కాళ్ళకి పట్టిన అలసట ఒక రాత్రి నిద్రతో పోతుంది. ఇవాళ ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, రేపు ఏ బస్సు ఎక్కాలి అని రోజూ తేల్చుకోవడంలో ఉన్న అలసట మాత్రం నిద్రకి లొంగదు. నాకు అది వదిలింది రాజస్థాన్‌లోని ఫలోదీలో.

ఎన్నికలు వచ్చాయంటే సట్టా బజార్, అంటే పందేల బజారు, అంచనాలంటూ వార్తల్లో వినిపించే ఊరు అదే. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీల ఎండ కాసింది, దేశంలోనే రికార్డు. అలాంటి చోట సుఖమేమిటని ఒడిశాలోని మా బరంపురంలో నవ్వినవాళ్ళున్నారు. నేను వెళ్ళింది చలికాలంలో లెండి.

సముద్రం దగ్గర పెరిగినవాళ్ళకి ముందుగా తెలిసేది గాలిలో తేడా. గోపాల్‌పూర్ వైపు నుంచి వీచే గాలికి మన ఒళ్ళు జిడ్డు కడుతుంది, డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే వేయించిన అప్పడాలు సాయంత్రానికి మెత్తబడతాయి. అక్కడ ఉతికిన బట్ట చూస్తుండగానే ఆరిపోతుంది. ఒక్క సంచీతో తిరిగేవాడికి అంతకన్నా ఏం కావాలి! ఆ పొడిగాలికే పెదాలు పగులుతాయి, కొబ్బరినూనె సీసా వెంట ఉండాలి. గాలిలో తేమ లేదు, ఆకాశంలో మబ్బు లేదు, పొద్దు వాలగానే ఇసుక చల్లారిపోతుంది. రాత్రికి దుప్పటి చాలదు, రజాయి కావాలి.

ఇక పక్షుల సంగతి. ఫలోదీ పక్కనే ఖీచన్ అనే ఊరుంది. మంగోలియా, మధ్య ఆసియా వైపు నుంచి ఏటా వేల కొంగలు అక్కడికి వచ్చి చలికాలం గడుపుతాయి. అక్కడివాళ్ళు కుర్జా అంటారు. బూడిద రంగు ఒళ్ళు, నల్లటి మెడ, కళ్ళ వెనక తెల్లటి ఈకల కుచ్చు. వాటికోసం ఊరివాళ్ళు కంచె వేసి ఒక ఆవరణ కట్టారు, పేరు చుగ్గా ఘర్. పక్షులు దిగేసరికి గింజలు చల్లి ఉంటాయి. ఖర్చు చాలావరకు దాతలది, వాళ్ళలో జైన కుటుంబాలు ఎక్కువ. తెల్లవారుతూనే బారులు బారులుగా దిగుతాయి. ఆ గోలలో పక్కవాడి మాట వినబడదు. తిన్నాక చెరువు గట్టుకి చేరతాయి. పొద్దున చుగ్గా ఘర్, మధ్యాహ్నం చెరువు గట్టు, సాయంత్రం టీ కొట్టు. నా రోజునీ అవే నడిపాయి, నేను తేల్చుకోవలసింది ఏమీ మిగల్లేదు. 2025లో ఖీచన్‌కి, ముఖ్యమైన చిత్తడి నేలలకి అంతర్జాతీయంగా ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు కూడా వచ్చింది.

ఇది మనకి మరీ కొత్తేం కాదు. మన గంజాం జిల్లాలోనే, ఆస్కా దగ్గర భేట్నోయిలో కృష్ణజింకలు పొలాల్లో తిరుగుతుంటే ఎవరూ తరమరు. అవి కాలు పెడితే పంట బాగుంటుందని అక్కడి నమ్మకం. భేట్నోయి చూసినవాళ్ళకి ఖీచన్ మనుషులు ఇట్టే అర్థమవుతారు. భాష విషయంలోనూ మనకి టెన్షన్ తక్కువ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడేవాళ్ళకి మార్వాడీ మాటల మధ్య ఓ పూట కూర్చోవడం కష్టమేమీ కాదు.

తిండి దగ్గర మాత్రం నేను ఆశ్చర్యపోయాను. కూరగాయలు దొరకడం కష్టమైన నేల కదా, వాళ్ళు అప్పడాలతోనే కూర చేస్తారు! పెరుగు పులుసులో కాల్చిన అప్పడం ముక్కలు వేసి, వేడి సజ్జరొట్టెతో పెడతారు. అప్పడాల ఊరు నుంచి వచ్చిన నాకే ఈ ఉపాయం తట్టలేదు. మరో కూర కేర్ సాంగ్రీ. కేర్ అంటే ఎడారి ముళ్ళపొద కాయలు, సాంగ్రీ అంటే ఖేజ్‌డీ చెట్టు కాయలు. ఆ ఖేజ్‌డీ ఏదో కాదు, దసరాకి మనం పూజించే జమ్మిచెట్టే. మనం ఆకు తెచ్చుకుని పెద్దల చేతిలో పెడతాం, వాళ్ళు కాయలు ఎండబెట్టి ఏడాదంతా వండుకుంటారు, ఆకు మేకలకి వేస్తారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఆ చెట్లు నరకనివ్వకుండా అమృతాదేవితో పాటు చెట్లనీ జంతువులనీ కాపాడడం ధర్మంగా భావించే బిష్ణోయీలు 363 మంది ప్రాణాలిచ్చారని చెబుతారు. ఆ కథ విన్నాక కూర ఇంకాస్త నెమ్మదిగా తిన్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు జోధ్‌పూర్ చేరుకోండి. అక్కడి నుంచి జైసల్మేర్ వెళ్ళే రైలుదారిలోనే ఫలోదీ తగులుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఒక్క రోజులో చూసేసి రావద్దు, నాలుగు రోజులైనా ఉండండి. మార్చి దాటితే పక్షులూ ఉండవు, ఆ ఎండకి మనమూ ఉండలేం. సెలవు.